జన్యు విడిభాగాలకు చిట్టా రాయడం ఎలా?

ఈ నెల ఐదుగురు పాఠకులు వేర్వేరు ఊళ్ల నుంచి రాసిన ఉత్తరాలు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. సింథటిక్ బయాలజీలో, అంటే జీవకణాల చేత కొత్త పనులు చేయించేలా జన్యువులను కూర్చే శాస్త్రంలో, వాడే జన్యు భాగాలకు ప్రామాణికమైన డేటాబేస్‌ను ఎలా కట్టారు, ఎలా కట్టాలి అన్నది ఆ విషయం. అందుకని ఈసారి మరో అంశం జోలికి పోకుండా ఆ ఐదు ఉత్తరాలకే జవాబిస్తున్నాను.

ప్రశ్న: జన్యువుల వరుసలన్నీ జెన్‌బ్యాంక్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి. అవే ముక్కలను మళ్లీ ‘ప్రామాణిక భాగాలు’ అనే పేరుతో ఇంకో డేటాబేస్‌లో ఎక్కించడం దేనికి? (విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకులు, గుంటూరు)

జవాబు: జెన్‌బ్యాంక్ 1982 నుంచి నడుస్తోంది. ఏ జీవిలోని ఏ డీఎన్ఏ వరుసను ఎవరు చదివారో అందులో దొరుకుతుంది. దాని విలువను కాదనేవారు లేరు. అయితే బ్యాక్టీరియా చేత కొత్త పని చేయించాలని కూర్చున్న మనిషి అడిగే ప్రశ్న వేరు. మీ ఊరికి దగ్గరలోని విజయవాడ ఆటోనగర్‌లో బేరింగు కొనడానికి వెళ్తే దుకాణదారు ఆ ఉక్కు ఏ గని నుంచి వచ్చిందో చెప్పడు. ఏ బండికి, ఏ నంబరు అని అడిగి, పెట్టె తీసి చేతిలో పెడతాడు. జన్యు భాగాల డేటాబేస్ నుంచి ఆశించేదీ ఆ రకమైన సమాచారమే: ఈ ముక్క ఏ పని చేస్తుంది, దేనికి అతుకుతుంది, ఎంత బలంగా పనిచేస్తుంది, దాని నమూనా ఎక్కడ దొరుకుతుంది.

ఈ.కోలి బ్యాక్టీరియా ఆకుపచ్చగా వెలగాలంటే దాని డీఎన్ఏలో నాలుగు ముక్కలు వరుసగా ఉండాలి. మొదటిది, జన్యువును చదవడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ప్రమోటర్. రెండవది, ప్రొటీన్‌ను తయారుచేసే కణయంత్రమైన రైబోజోమ్ వచ్చి కూర్చునే చోటు. మూడవది, జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చ ప్రొటీన్ సంకేతం. నాలుగవది, చదవడం ఆపమని చెప్పే టెర్మినేటర్. అమెరికాలో మొదలైన రిజిస్ట్రీ ఆఫ్ స్టాండర్డ్ బయలాజికల్ పార్ట్స్‌లో ఈ నాలుగు రకాలకూ విడివిడి నంబర్లు ఉన్నాయి. జె23100 అనే ప్రమోటర్ 35 డీఎన్ఏ అక్షరాలు (ఎ, సి, జి, టి అనేవే ఆ అక్షరాలు), బి0034 అనే రైబోజోమ్ స్థానం 12 అక్షరాలు, ఇ0040 అనే ఆకుపచ్చ ప్రొటీన్ సంకేతం 720 అక్షరాలు, బి0015 అనే టెర్మినేటర్ 129 అక్షరాలు. పన్నెండక్షరాల ముక్కకు జెన్‌బ్యాంక్‌లో సొంత పుట ఉండాలని ఎవరూ అనుకోరు. కానీ దాన్ని తీసి మరొకటి పెట్టి చూడవలసిన ఇంజనీరుకు మాత్రం అది విడిగా కొనుక్కోవలసిన సరుకే.

ఈ ఆలోచనకు మూలపురుషుడు టామ్ నైట్. ఆయన మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కంప్యూటర్ ఇంజనీరుగా స్థిరపడి, తరువాత జీవశాస్త్రం వైపు మళ్లిన మనిషి. మరల మేకుల మరలకు ఒకే కొలత ఉండాలని విలియం సెల్లర్స్ 1864లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతిపాదించినట్టే, డీఎన్ఏ ముక్కల కొసలకు కూడా ఒకే పద్ధతి ఉండాలన్న ప్రతిపాదనను నైట్ 2003లో ‘బయోబ్రిక్’ అనే పేరుతో రాతలో పెట్టారు. ఆ ఏడాది జనవరిలోనే అక్కడి విద్యార్థులకు నెల రోజుల కోర్సు నడిచింది; 2004లో అయిదు జట్లతో పోటీగా మారింది. ఇప్పుడు ఐజెమ్ అనే పేరుతో ప్రపంచమంతటి నుంచి విద్యార్థులు వెళ్లే పోటీ అదే. జట్లు తాము తయారుచేసిన భాగాలను తిరిగి రిజిస్ట్రీలో జమచేసే ఆనవాయితీ వల్ల ఆ చిట్టా 20 వేల భాగాలను దాటింది. ఆ సంఖ్యను చూసి మురిసిపోవద్దని మాత్రం ముందే చెబుతున్నాను. కారణం వరంగల్ పాఠకురాలికి ఇచ్చిన జవాబులో ఉంది.

ప్రశ్న: ‘ప్రామాణిక’ భాగం అన్నప్పుడు అందులో ప్రామాణికం అయ్యేది ఏమిటి? అన్ని భాగాల పొడవూ ఒకటే అయి ఉండాలా? (బీఎస్సీ విద్యార్థి, విజయవాడ)

జవాబు: పొడవుతో పని లేదు. తొలి ప్రమాణం చెప్పింది అతుకు గురించి మాత్రమే. ఆ అతుకును ఒకసారి దగ్గరగా చూస్తే మిగిలిన సంగతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి కనుక కొంచెం ఓపిక పట్టండి.

బయోబ్రిక్ పద్ధతిలో ప్రతి భాగానికీ ముందు వైపు ఈకో ఆర్ వన్, ఎక్స్‌బా వన్ అనే ఎంజైములు కోసే చోట్లు, వెనుక వైపు స్పీ వన్, పీఎస్‌టీ వన్ కోసే చోట్లు ఉంటాయి. (నాట్ వన్ అనేది రెండు వైపులా ఉంటుంది; ప్రస్తుతానికి దాన్ని పక్కన పెడదాం.) స్పీ వన్ గుర్తుపట్టే వరుస ఎ-సి-టి-ఎ-జి-టి; ఎక్స్‌బా వన్ గుర్తుపట్టే వరుస టి-సి-టి-ఎ-జి-ఎ. రెండూ వేర్వేరు వరుసలే అయినా, కోసిన తరువాత రెండూ సి-టి-ఎ-జి అనే ఒకే తోకను మిగులుస్తాయి. అందువల్ల మొదటి భాగాన్ని వెనుక స్పీ వన్‌తో, రెండవ భాగాన్ని ముందు ఎక్స్‌బా వన్‌తో కోసి కలిపితే అవి అతుక్కుంటాయి. అతికిన చోట ఏర్పడేది ఎ-సి-టి-ఎ-జి-ఎ. దాన్ని స్పీ వన్ గుర్తుపట్టదు, ఎక్స్‌బా వన్ కూడా గుర్తుపట్టదు. అతుకు శాశ్వతంగా మూసుకుపోతుంది. కొత్తగా ఏర్పడిన పెద్ద ముక్కకు మాత్రం ముందూ వెనుకా మళ్లీ ఆ నాలుగు చోట్లే మిగులుతాయి. రెండు రైలు పెట్టెలను కలిపినా రెండు చివరలా కొక్కేలు మిగిలే ఉండి మూడో పెట్టెను తగిలించుకోగలిగినట్టు, ఇక్కడ కూడా ఎన్ని కలిపినా వచ్చేది మరో ‘భాగమే’. నైట్ చేసిన పనిలోని తెలివంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం.

దీనికి చెల్లించవలసిన ధర రెండు రకాలు. భాగం లోపల ఎక్కడా ఆ ఎంజైములు కోసే వరుసలు ఉండకూడదు. ఉంటే, ప్రొటీన్ మారకుండా ఒక అక్షరాన్ని మార్చుకోవాలి. ఇక రెండవది అతుకు మచ్చ. మామూలుగా రెండు భాగాల నడుమ టి-ఎ-సి-టి-ఎ-జి-ఎ-జి అనే ఎనిమిది అక్షరాలు మిగిలిపోతాయి. మూడేసి అక్షరాలుగా చదివితే రెండవ మూడు టి-ఎ-జి అవుతుంది. జీవకణం భాషలో అది ‘ఇక ఆపు’ అన్న సంకేతం. కాబట్టి రెండు ప్రొటీన్లను ఒకదానికొకటి తగిలించి ఒకటిగా చేయాలనుకునేవారికి ఈ అతుకు పనికిరాదు. దీన్ని సవరించడానికి వేరే ప్రమాణాలు పుట్టాయి. 2008లో వచ్చిన గోల్డెన్ గేట్ పద్ధతి, దాని మీద 2011లో కట్టిన మోక్లో పద్ధతి బీఎస్ఏ వన్ వంటి ఎంజైములతో, మనం ఎంచుకున్న నాలుగక్షరాల తోకలతో, అనేక భాగాలను ఒకే గొట్టంలో వరుసగా కలుపుతాయి. ఐజెమ్ కూడా 2019 నుంచి ఆ పద్ధతిని అంగీకరిస్తోంది. డేటాబేస్ కట్టేవారు దీని నుంచి గ్రహించవలసింది, ప్రతి భాగం పక్కన అది ఏ అతుకు పద్ధతికి సరిపోతుందో, దేనికి సరిపోదో రాసే గడి తప్పనిసరి అన్న సంగతి.

ప్రశ్న: నేను డేటాబేస్‌ల మీద పనిచేసేవాడిని. నంబరు, పేరు, రకం, వరుస, తయారుచేసినవారు: ఇలా నాలుగైదు పట్టికలు వేస్తే సరిపోదా? ఇందులో కష్టం ఎక్కడుందో తెలియడం లేదు. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: పట్టికలు వేయడం మీకు ఒక శని, ఆదివారాల పని, అందులో సందేహం లేదు. కష్టమంతా ఆ గడుల్లో రాసే మాటలకు అర్థం నిలబెట్టడంలో ఉంది.

మొదట గుర్తింపు సంగతి చూడండి. 720 అక్షరాల భాగంలో ఎవరో ఒక అక్షరాన్ని సరిదిద్దారనుకుందాం. పాత నంబరు కిందే వరుసను మార్చి రాస్తే, ఆ నంబరును నమ్మి గత ఏడాది ప్రయోగం చేసినవారి ఫలితాలన్నీ మాటామంతీ లేకుండా వేరే భాగానికి అంటుకుంటాయి. కనుక ఒకసారి ఇచ్చిన నంబరు కింద వరుస ఎన్నటికీ మారకూడదు. ఒక్క అక్షరం మారినా కొత్త నంబరే ఇవ్వాలి, పాతదానికి దాన్ని ముడిపెట్టాలి. దీనికి తిరగబడిన చిక్కు కూడా ఉంది. ఇద్దరు విద్యార్థులు ఒకే వరుసను రెండు నంబర్లతో ఎక్కిస్తారు. అమెరికా రిజిస్ట్రీ ఇలాంటివాటిని ‘కవలలు’ అని పిలిచి పక్కపక్కన చూపించేది. అలా చూపించడం మంచి ఏర్పాటు.

తరువాత కూడిక భాగాలు. నాలుగు చిన్న భాగాలతో కట్టిన పెద్ద భాగం వరుసను విడిగా దాచుకోవాలా, చిన్నవాటి నంబర్ల నుంచి లెక్కకట్టాలా? లెక్కకట్టడమే మేలు, కానీ మీ ప్రోగ్రాముకు జీవశాస్త్రం తెలిసి ఉండాలి. పైన ఎనిమిది అక్షరాల మచ్చ అన్నాను కదా. తరువాతి భాగం ప్రొటీన్ సంకేతమై ఎ-టి-జితో మొదలైతే మచ్చ ఎనిమిది కాదు, ఆరు. ఎక్స్‌బా వన్ వరుసకు అవసరమైన చివరి ‘ఎ’ను ఆ ప్రొటీన్ మొదటి అక్షరమే సమకూర్చేలా ముందు భాగాన్ని కురచ చేశారు. రైబోజోమ్ కూర్చునే చోటుకూ ప్రొటీన్ మొదలయ్యే చోటుకూ నడుమ దూరం పెరిగితే ఉత్పత్తి పడిపోతుంది గనుక ఆ రెండక్షరాల పొదుపు. ఈ నియమం తెలియని ప్రోగ్రాము కూడిక భాగం వరుసను ప్రతిసారీ రెండక్షరాలు ఎక్కువగా చూపిస్తుంది, పైకి మాత్రం ఏ తప్పూ కనిపించదు.

మూడవది భాష. ఒకరు ‘బలమైన ప్రమోటర్’ అని, మరొకరు ‘ఎక్కువ పనిచేస్తుంది’ అని స్వేచ్ఛగా వాక్యాల్లో రాస్తే మనిషి చదవగలడు, యంత్రం వెతకలేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఆ రిజిస్ట్రీలోని సమాచారాన్ని యంత్రం ప్రశ్నించగల రూపంలోకి మార్చి చూపించింది ఈ కారణంగానే. భాగాల వివరాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి చెక్కుచెదరకుండా పంపేందుకు సింథటిక్ బయాలజీ ఓపెన్ లాంగ్వేజ్ అనే ఉమ్మడి రూపం ఇప్పుడు ఉంది. దాన్ని ఆధారం చేసుకుని సిన్‌బయోహబ్ వంటి భాండాగారాలు నడుస్తున్నాయి. మీరు కొత్తగా మొదలుపెట్టేటట్టయితే సొంత రూపం కనిపెట్టకండి, ఉన్నదాన్నే వాడండి.

ప్రశ్న: రిజిస్ట్రీలో జె23100 బలాన్ని 1 అనుకుంటే జె23106 బలం 0.47 అని ఉంది. మేము రెండింటినీ ఆకుపచ్చ ప్రొటీన్ ముందు పెట్టి చూస్తే దాదాపు సమానంగా వెలిగాయి. తప్పు మాదా, రిజిస్ట్రీదా? (ఎమ్మెస్సీ విద్యార్థిని, వరంగల్)

జవాబు: ఇద్దరిదీ కాకపోవచ్చు. ఈ ఐదు ఉత్తరాల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది, ఎందుకంటే భాగాల డేటాబేస్‌కు ప్రాణం ఇక్కడే ఉంది.

ఆ 0.47 ఎక్కడిదో చూడండి. బర్క్‌లీలో క్రిస్ ఆండర్సన్ తయారుచేసిన ప్రమోటర్ల కుటుంబం అది. టీజీ1 అనే ఈ.కోలి రకంలో, ఎల్‌బీ అనే పోషక ద్రావణంలో, కణాలు నిండా పెరిగిన తరువాత, ఎరుపు ప్రొటీన్ ఎంత వెలిగిందో కొలిచి ఆ అంకెలు వేశారు. మీరు వాడింది ఆకుపచ్చ ప్రొటీన్. మీ బ్యాక్టీరియా రకం వేరై ఉండవచ్చు, కొలిచిన గడియ వేరై ఉండవచ్చు, ప్లాస్మిడ్ (ఈ భాగాలను కణంలోకి మోసుకెళ్లే గుండ్రటి డీఎన్ఏ) ఒక్కో కణంలో ఎన్ని నకళ్లుగా ఉందన్నది కూడా వేరై ఉండవచ్చు. నకళ్లు మరీ ఎక్కువైతే రెండు ప్రమోటర్లూ కణాన్ని దాని తాహతు చివరికి నెట్టి ఒకే స్థాయిలో ఆగిపోతాయి. లేదా మీ యంత్రమే అంత వెలుగును కొలవలేక రెండింటికీ పై గీత దగ్గరే ఆగి ఉంటుంది. పలచబరిచిన నమూనాలతో మరోసారి కొలిస్తే ఈ చివరి అనుమానం తీరిపోతుంది, మొదట ఆ పని చేయండి.

ఇంకో లోతైన కారణం కూడా ఉంది. ప్రమోటర్‌ను మార్చితే సందేశ ఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీ కోసం కణం జన్యువు నుంచి తీసుకునే నకలు) తొలి అక్షరాలు కూడా కొద్దిగా మారవచ్చు. ఆ అక్షరాలు మడతపడి రైబోజోమ్ కూర్చునే చోటును మూసేస్తే, ప్రమోటర్ ఎంత బలంగా ఉన్నా ప్రొటీన్ తయారు కాదు. అంటే భాగం బలం దాని సొంత సొత్తు కాదు, పక్కింటివారిని బట్టి ఉంటుంది. దీన్ని అదుపు చేయడానికి పరిశోధకులు నడుమ అడ్డుగోడలు కట్టారు. రైబోజే అనే ముక్క 2012లో వచ్చింది. అది ఆర్ఎన్ఏ తయారైన వెంటనే తనను తాను కోసుకుని ముందున్న అక్షరాలను వదిలించుకుంటుంది, దాంతో ఏ ప్రమోటర్ పెట్టినా మొదలు ఒకే రకంగా ఉంటుంది. కాలిఫోర్నియాలోని బయోఫ్యాబ్ పరిశోధకులు 2013లో ప్రకటించిన జంట సంకేతాల అమరికలో, ముందున్న చిన్న సంకేతాన్ని చదువుతూ వచ్చే రైబోజోమే దారిలోని మడతలను విప్పుతుంది. ఇలాంటి అడ్డుగోడలను కూడా భాగాలుగానే నమోదు చేస్తారు.

ఇక కొలత. మన పెద్దలు ధాన్యాన్ని కుంచాలతో కొలిచినప్పుడు ఒక సీమ కుంచం ఇంకో సీమ కుంచంతో సరిపోయేది కాదు. అమ్మేవాడు ఎన్ని కుంచాలన్నాడో తెలిసినా, ఎవరి కుంచమో తెలియకపోతే బేరం కుదరదు. మెరుపును కొలిచే యంత్రాలు ఇచ్చే అంకెలు కూడా అటువంటివే. ఒక ప్రయోగశాలలో 1800 వస్తే మరొక చోట అదే నమూనాకు 240 రావచ్చు. దీనికి 2009లో జేసన్ కెల్లీ బృందం ఒక తేలిక దారి చూపింది: ప్రతిసారీ పక్కనే జె23101 అనే ప్రమోటర్‌ను కూడా పెంచి, మీ ప్రమోటర్ దానికి ఎన్ని రెట్లో రాయాలి. యంత్రాల, పరిస్థితుల తేడాల వల్ల వచ్చే చెదురు దాదాపు సగానికి తగ్గిందని వారు చూపించారు. సగం తగ్గిందంటే సగం మిగిలే ఉందని అర్థం, ఆ సంగతి మరవకూడదు. 2014 నుంచి ఐజెమ్ జట్లు ఒకే భాగాలను తమ తమ చోట్ల కొలిచి పోల్చుకోవడం మొదలుపెట్టాయి. తరువాత ఫ్లోరెసీన్ రంగు ద్రావణంతో వెలుగునూ, సన్నని సిలికా గోళీలతో కణాల సంఖ్యనూ సరిచూసే పద్ధతులు వచ్చాయి. 244 ప్రయోగశాలలు కలిసి చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. పరీక్షించిన పద్ధతుల్లో సిలికా గోళీలను మెట్టు మెట్టుగా పలచబరచి కొలిచేదే మేలైనదని తేలింది.

డేటాబేస్‌లో ‘బలం: 0.47’ అని ఒకే గడి పెట్టడాన్ని నేను తప్పుబడతాను. ప్రతి కొలతా ఒక విడి నమోదుగా ఉండాలి, దానికి బ్యాక్టీరియా రకం, ద్రావణం, ఉష్ణోగ్రత, ప్లాస్మిడ్, కొలిచిన సమయం, సరిచూసిన ప్రమాణం అంటిపెట్టుకుని ఉండాలి. ఒకే భాగానికి ఇరవై కొలతలు ఉన్నా ఫరవాలేదు. 2008లో డ్రూ ఎండీ బృందం ఎఫ్2620 అనే ఒకే ఒక్క భాగానికి ఎలక్ట్రానిక్ చిప్‌లకు ఇచ్చేలాంటి పూర్తి డేటాషీట్ తయారుచేసింది. వెలుపలి నుంచి వచ్చే రసాయన సంకేతానికి అది ఎంతకు ఎంత స్పందిస్తుంది, ఎంత సేపట్లో స్పందిస్తుంది, పోలికగల ఇతర రసాయనాలకు మోసపోతుందా, తరాలు గడిచినా చెడకుండా ఉంటుందా అని అన్నీ కొలిచారు. ఆ స్థాయిలో వివరం ఉన్న భాగాలు చిట్టాలో కొద్దిగానే ఉన్నాయి; అందుకే 20 వేల సంఖ్యను చూసి మురిసిపోవద్దన్నాను. మీ ఫలితాన్ని కూడా పై వివరాలన్నిటితో నమోదు చేయండి.

ప్రశ్న: మా కళాశాలలో పాతిక ముప్ఫై ప్లాస్మిడ్లు ఉన్నాయి. వాటితో చిన్న డేటాబేస్ మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? అనుమతులు కావాలా? (బీటెక్ బయోటెక్నాలజీ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: మంచి ఆలోచన. మన తిరుపతి ఐసర్ విద్యార్థులు 2020లో ఐజెమ్‌కు జట్టుగా వెళ్లారు. మీ చిట్టా సరిగ్గా ఉంటే రేపు మీ కళాశాల నుంచి వెళ్లే జట్టుకు సగం పని తప్పుతుంది.

కంప్యూటరు దగ్గర కూర్చోవడానికి ముందు ఫ్రీజరు తలుపు తీయండి. నేను పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో మా ఫ్రీజరులో ‘జీఎఫ్‌పీ కొత్తది’ అని రాసిన గొట్టం ఒకటి ఉండేది (జీఎఫ్‌పీ అంటే ఆ ఆకుపచ్చ ప్రొటీనే). ఎప్పటి కొత్తదో, ఎవరి కొత్తదో చెప్పగలవారు అప్పటికే చదువు ముగించి వెళ్లిపోయారు. దాన్ని నమ్మి మూడు వారాలు పనిచేశాక వరుస చదివిస్తే అందులో ఆకుపచ్చ ప్రొటీన్ సంకేతమే లేదు. అందుకని ప్రతి ప్లాస్మిడ్‌నూ ముందు సీక్వెన్సింగ్‌కు పంపించి, వచ్చిన వరుసనే డేటాబేస్‌లో పెట్టండి; కాగితం మీద ఉండవలసిన వరుసను పెట్టకండి. గొట్టం మీద పేరు వద్దు, నంబరు చాలు. అదే నంబరు డేటాబేస్‌లో, నోటుపుస్తకంలో, ఫ్రీజరు పెట్టె గడిలో ఒకేలా ఉండాలి. నమూనా అయిపోతే ఆ సంగతి కూడా రాయండి.

‘పనిచేయలేదు’ అని రాయడానికి ఒక గడి ఉంచండి, అందులో రాసినవారిని ఎవరూ చిన్నచూపు చూడరని ముందే చెప్పండి. అమెరికా రిజిస్ట్రీలో కూడా భాగం పనిచేసిందా లేదా అని చెప్పే చోటు ఉండేది. ‘పనిచేయలేదు’కూ ‘ఇంకా పరీక్షించలేదు’కూ తేడా చూపించడం మరచిపోకండి, ఖాళీ గడిని చూసినవారు ఎవరికి తోచిన అర్థం వారు తీసుకుంటారు.

హక్కుల విషయానికి వస్తే, వరుస అందరికీ కనిపిస్తోందంటే దాన్ని వ్యాపారానికి వాడుకోవచ్చని అర్థం కాదు. ప్రతి ప్లాస్మిడ్ ఎవరి దగ్గర నుంచి, ఏ ఒప్పందం మీద వచ్చిందో ఒక గడిలో రాసి ఉంచండి. ఇతరులకు పంచే హక్కుతో సహా ఇచ్చే ఓపెన్ ఎంటీఏ వంటి ఒప్పందాలు ఇప్పుడు ఉన్నాయి గనుక, కొత్తగా తెప్పించుకునేటప్పుడు వాటిని అడగండి.

అనుమతులు తప్పక కావాలి. జన్యుమార్పిడి చేసిన జీవులతో పనిచేసే సంస్థలకు మన దేశంలో 1989 నాటి నియమాలు వర్తిస్తాయి. సంస్థాగత జీవభద్రతా కమిటీ ఉండాలి, పని దాని ఎరుకలో జరగాలి. మీ డేటాబేస్‌లో ప్రతి భాగం ఏ జీవి నుంచి వచ్చిందో, ఆ జీవి ఏ ప్రమాద వర్గానికి చెందినదో రాసే గడులు ఉంటే కమిటీ ముందు కాగితాలు పెట్టడం తేలిక అవుతుంది. వ్యాధికారక జీవి నుంచి వచ్చిన భాగం కనిపిస్తే, అది ఎంత చిన్న ముక్క అయినా, కమిటీ చూసి సంతకం పెట్టేవరకు దాని నమోదును అసంపూర్ణంగానే ఉంచండి, గొట్టాన్ని తీయకండి.